గ్రంథాలయంలో హార్మోనియానికి చోటుందా?

మా బడిలో ఉదయం ప్రార్థన ముగిశాక జాతీయగీతం ఎత్తుకునే అమ్మాయి ఏ శ్రుతిలో ఎత్తుకుంటుందన్నది చాలా ఏళ్లు ఎవరికీ పట్టలేదు. మైకు ముందు నిలబడ్డ కంగారులో ఆ పిల్ల సాధారణంగా గొంతుకు మించిన ఎత్తులోనే మొదలుపెడుతుంది. తొలి పాదాలు షడ్జమం (స) నుంచి గాంధార (గ), మధ్యమాల (మ) వరకే నడుస్తాయి కనుక అక్కడ ఇబ్బంది తెలియదు. చివర్లో మూడుసార్లు వచ్చే ‘జయహే’లలో మొదటిది తారషడ్జమాన్ని, అంటే పై స్థాయి ‘స’ను, తాకుతుంది. అక్కడికి వచ్చేసరికి ఆడపిల్లల గొంతులు కీచుమంటాయి, ఆరో తరగతి పిల్లలు అరుస్తారు, తొమ్మిది, పది తరగతుల మగపిల్లలు పెదవులు మాత్రం కదిలిస్తారు. 52 సెకన్ల పాట రోజూ ఆ ఒక్క మెట్టు దగ్గరే జారిపడేది. డ్రిల్లు మాస్టారు దాన్ని క్రమశిక్షణ లోపంగా లెక్కగట్టి, పాడని వాళ్లను వరుసలోంచి బయటికి పిలిచేవారు.

నేను లెక్కల టీచర్ని. చిన్నప్పుడు కొన్నేళ్లు సంగీతం నేర్చుకుని, గీతాలు దాటి, రెండు వర్ణాల దగ్గర ఆగిపోయిన బాపతు మనిషిని. కాబట్టి కారణం తెలిసి కూడా, అది నా సబ్జెక్టు కాదు కదా అని ఏళ్ల తరబడి ఊరుకున్నాను. రెండేళ్ల కిందట ఒక శనివారం ఫోనులో తంబూరా యాప్ పెట్టి, శ్రుతిని అయిదున్నర నుంచి ఒకటిన్నరకు దింపి, అందరిచేతా పాడించి చూశాను. గొంతు మారుతున్న అబ్బాయిలను మాత్రం విడిగా నిలబెట్టి, ఒక స్థాయి కింద పాడమన్నాను. వాళ్లు నోరు విప్పకపోవడానికి కారణం పొగరు కాదు. గొంతు బొంగురుపోతుందేమో, పక్కవాళ్లు నవ్వుతారేమోనన్న సిగ్గు. కింది స్థాయిలో పాడవచ్చని వాళ్లతో అంతవరకు ఎవరూ చెప్పలేదు. నాలుగైదు రోజుల్లో మా బడి జాతీయగీతం చెవికి ఇంపుగా మారింది. ఇందులో నా ప్రతిభ ఏమీ లేదు. సంగీతం అంతంత మాత్రంగా వచ్చిన మనిషి పది నిమిషాలు చెవి పెట్టి వినడమే జరిగింది. అలా వినే పని ఉద్యోగంగా ఉన్న మనిషి మా బడిలో లేకపోవడం గురించే ఈ వ్యాసం.

నా వాదన సూటిగా చెబుతాను. చిన్న పట్టణంలో పిల్లలకు సంగీతం అందాలంటే దానికి నమ్మదగిన దారులు రెండే ఉన్నాయి. ఒకటి బడి, రెండోది ఊరి గ్రంథాలయం. ప్రైవేటు ట్యూషన్లు డబ్బున్న ఇళ్లకు అందుతాయి, సభలూ కచేరీలూ నగరాల్లో జరుగుతాయి, గుడి మైకు వినిపిస్తుంది గాని నేర్పదు. ప్రజల డబ్బుతో నడుస్తూ, కులమూ ఫీజూ అడగకుండా తలుపు తీసి ఉంచే చోట్లు ఈ రెండే. ఇవి సంగీతాన్ని వదిలేస్తే ఆ ఊళ్లో సంగీతం వారసత్వంగానో, కొనుక్కునే సరుకుగానో మిగులుతుంది.

మా ఉత్తరాంధ్రకు ఇది కొత్తగా ఎవరో నేర్పవలసిన సంగతి కాదు. విజయనగరంలో 1919లో మహారాజా విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల పెట్టారు. తన దగ్గర పనిచేసే ఉద్యోగి ఒకరి కొడుకు అంధుడని, ఆ కుర్రవాడు సంగీతం నేర్చుకునే వీలు కల్పించడానికే మొదట ఆ ఆలోచన వచ్చిందని మా వైపు చెప్పుకుంటారు. తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు. బొబ్బిలి దగ్గరి అజ్జాడ అనే పల్లెలో 1864లో పుట్టి, హరికథకు పితామహుడనిపించుకున్న మనిషి. చేరడానికని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడి వాయులీనం విని, ఆయన్ను విద్యార్థిగా కాక ఆచార్యుడిగా తీసుకున్నారని ఇప్పటికీ కథగా చెబుతారు. తర్వాత 1936లో ఆ ద్వారం వారే అధ్యక్షులయ్యారు. కృష్ణా జిల్లా నుంచి చేతిలో కాసుల్లేకుండా వచ్చిన ఘంటసాల, మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని తింటూ, సాలూరి చినగురువుగారనే పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర గాత్రం నేర్చుకున్నదీ అక్కడే. ఘంటసాల ఎంత గొప్పవాడయ్యాడన్నది ఇక్కడ నాకు ముఖ్యం కాదు. జీతం తీసుకునే గురువూ తలుపు తెరిచి ఉన్న భవనమూ ఒక చోట ఉండటం వల్ల, ఫీజు కట్టలేని కుర్రవాడికి వెళ్లడానికంటూ ఒక అడ్రసు దొరికింది. నాకు ముఖ్యం అది. ఆ రోజుల్లో అక్కడ నేర్చుకుని, పేరు ప్రఖ్యాతులేమీ రాక, తమ ఊళ్లో భజనలకు హార్మోనియం వాయించుకుంటూ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ గడిపిన వాళ్లు ఎందరో. అలాంటి ఒకాయన దగ్గరే నేనూ సరళీ వరుసలు మొదలుపెట్టాను.

ఇక బొబ్బిలి. మా ఊరి నుంచి బస్సులో గంట ప్రయాణం. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస మానును తొలిచి, ఒకే దుంగలోంచి కుండ, దండి, యాళి ముఖం అన్నీ తీసి వీణలు చేస్తారు. ఏకండి వీణ అంటారు. మైనంలో మసి కలిపి మెట్లు నిలబెట్టేటప్పుడు చూడాలి ఆ పనివాళ్ల చెవి. ఇరవై నాలుగు మెట్లలో ఒక్కొక్కదాన్ని మైనం మెత్తగా ఉండగానే వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, తీగ మీటి, తల అడ్డంగా ఊపి, మళ్లీ జరుపుతారు. మా బడి పిల్లలను విహారయాత్ర పేరుతో ఒకసారి అక్కడికి తీసుకువెళ్లాను. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఆ పనివాడిని “ఇది మనూళ్లో ఎవరు వాయిస్తారండీ?” అని అడిగింది. ఆయన నవ్వి, ఈ మధ్య పెద్ద వీణల కంటే మూరెడు బొమ్మ వీణలకే ఆర్డర్లు ఎక్కువ వస్తున్నాయమ్మా, సన్మానాల్లో ఇస్తారు, అన్నాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, వీణ పుట్టే చోటికి గంట దూరంలో ఉన్న మా బడుల్లో, నాకు తెలిసినంతలో, వీణ ఉన్న బడి ఒక్కటీ లేదు. వచ్చిన అధికారులకు శాలువాతో పాటు ఇచ్చే అద్దాల పెట్టెలోని బొమ్మ వీణను మాత్రం మా పిల్లలు ఎన్నోసార్లు చూశారు.

చట్టంలో లేదా అంటే, ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టానికి అనుబంధంగా ఒక షెడ్యూలు ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో పిల్లలు వంద మందికి మించితే కళావిద్యకు, వ్యాయామ ఆరోగ్య విద్యకు, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని అందులో రాశారు. ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలని రాసింది కూడా ఆ షెడ్యూల్లోనే. ‘కళావిద్య’ అన్న మాట ఆచరణలోకి వచ్చేసరికి, ఎక్కడైనా మనిషిని వేస్తే, డ్రాయింగుగా మారిపోతుంది. డ్రాయింగు మాస్టార్ల మీద నాకేమీ కోపం లేదు, వాళ్ల పోస్టులూ అంతంత మాత్రమే. గురుకులాల పరిస్థితి కొంత మేలు. తెలంగాణ గురుకులాల్లో సంగీత ఉపాధ్యాయుల పోస్టులకు 2023లో నోటిఫికేషన్ కూడా ఇచ్చారు. పగటి బడుల పిల్లలకే ఆ భాగ్యం లేదు. ఇక్కడ నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. సహపాఠ్య విషయాల కింద ‘కళలు, సాంస్కృతిక విద్య’ అని ఒక గడి ఉంటుంది. ఒక్క పీరియడైనా జరగని ఆ సబ్జెక్టుకు, క్లాస్ టీచర్‌గా ఉన్న ప్రతి ఏడూ నేను వరుసగా ‘ఏ’ గ్రేడులు వేసుకుంటూ పోయాను. పాడేవాడికీ ‘ఏ’, నోరు విప్పనివాడికీ ‘ఏ’. అన్నీ నింపకపోతే షీటు వెనక్కి వస్తుందని ఆఫీసులో చెప్పారు.

సంగీతం బదులు మా బడుల్లో ఉన్నది ‘ప్రోగ్రాం’. వార్షికోత్సవానికి పది రోజుల ముందు సౌండు బాక్సులు వస్తాయి, సినిమా పాట పెట్టి, పట్నం నుంచి వచ్చిన డాన్సు మాస్టారు ఎనిమిది మంది చేత అడుగులు వేయిస్తారు. సినిమా పాట మీద నాకు చిన్నచూపు లేదు. సాలూరి రాజేశ్వరరావు పుట్టిన శివరాంపురం మా పక్కదే, సినిమా పాటను తక్కువ చేసే హక్కు మాకు ఎలా ఉంటుంది? అభ్యంతరం అల్లా, ఆ పది రోజుల్లో ఒక్క పిల్లవాడి గొంతులోంచి కూడా ఒక్క స్వరం రాదు. మూడు వందల మంది కూర్చుని పెన్‌డ్రైవ్ పాడింది విని వస్తారు.

ఇది ఇలా నడుస్తుండగా, అసలు సంగీతకారుడు వెనక బెంచీలో కూర్చుని ఉంటాడు. మా ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. వాళ్ల నాన్న పెళ్లిళ్లకు డోలు వాయిస్తాడు, పెదనాన్న సన్నాయి. ముహూర్తాలున్న నెలల్లో వాడు సగం రోజులు బడికి రాడు, వచ్చిన రోజున బెంచీ మీద వేళ్లు ఆగవు. నేనే రెండుసార్లు మందలించాను. కనిష్ఠ సామాన్య గుణిజం చెబుతున్న రోజున మళ్లీ చప్పుడైతే, విసుగొచ్చి, వాయిస్తున్నదేదో నోటితో చెప్పరా అన్నాను. వాడు లేచి నిలబడి, తలవంచుకునే, ఎడమ చేత్తో ‘తకిట తకిట తకిట తకిట’, కుడి చేత్తో ‘తకధిమి తకధిమి తకధిమి’ ఒకేసారి కొట్టాడు. నాలుగు మూళ్లూ మూడు నాలుగులూ పన్నెండో అక్షరం ముగిశాక కలిసి ఒకేసారి మొదటి దెబ్బ మీద పడ్డాయి. మళ్లీ కొట్టమన్నాను. క్లాసంతా లెక్కపెట్టింది. మూడుకూ నాలుగుకూ క.సా.గు. పన్నెండు అని నేను బోర్డు మీద రాయకముందే అందరికీ తెలిసిపోయింది. సాయంత్రం వాడు స్టాఫ్‌రూము గుమ్మం దగ్గరికి వచ్చి, “టీచర్, మా నాన్న డోలు వాయిస్తాడని క్లాసులో చెప్పకండి” అన్నాడు. ఆ మాట నాకు లెక్క కంటే ఎక్కువ నేర్పింది. ఊరేగింపులకు, మంత్రిగారి రాకకు వాళ్ల కుటుంబాన్ని పిలిచే ఊరు, ఆ విద్యను విద్యగా బడిలోకి రానివ్వలేదు. కాబట్టి వాడి లెక్కలో అది దాచుకోవలసిన విషయం.

అందుకే, బడిలో సంగీతం పెడితే ఏ సంగీతం పెట్టాలన్న ప్రశ్నను తప్పించుకోలేం. మాయామాళవగౌళలో సరళీ వరుసలు నేర్పడం మంచి పద్ధతే, నేనూ అలాగే నేర్చుకున్నాను, గొంతుకూ చెవికీ క్రమం వస్తుంది. అదొక్కటే సంగీతమని బడి చెప్పిందంటే మాత్రం, తప్పెటగుళ్లు ఆడే ఇంటి పిల్లా జముకుల కథ చెప్పే ఇంటి పిల్లా మళ్లీ వెనక బెంచీకే వెళతారు. సంగీత బోధకుడంటే డిప్లొమా ఉన్నవాడే అయి ఉండాలన్న నిబంధన పార్ట్‌టైమ్ పోస్టుకు అవసరమా అని నా అనుమానం. వారానికి రెండు పూటలు ఆ డోలు విద్వాంసుడినే పిలిచి, తాళం నేర్పమని గౌరవవేతనం ఇస్తే ఆయన కొడుకు గుమ్మం దగ్గరికి వచ్చి ఆ మాట అనవలసిన అవసరం ఉండదు.

ఇప్పుడు గ్రంథాలయం సంగతి. మా శాఖా గ్రంథాలయం పొద్దున 8 నుంచి 11 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు తెరిచి ఉంటుంది. నా చిన్నతనంలో దాని అరుగు మీద రేడియో పెట్టేవారు, సాయంత్రం పూట పేపరు చదివేవాళ్లు, చదవడం రానివాళ్లు పక్కపక్కనే కూర్చుని విశాఖపట్నం కేంద్రం వినేవారు. దసరా తొమ్మిది రోజులూ అక్కడే భజన. ఆ భజన హార్మోనియం ఏడాదిలో మిగతా రోజులన్నీ గ్రంథాలయం బీరువాలోనే ఉండేది. అది ఊరి అలవాటు, అంతే, ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమం చరిత్ర చూసినా గ్రంథాలయం అంటే నిశ్శబ్దం అన్న లెక్క కనబడదు. 1914లో బెజవాడలో తొలి గ్రంథాలయ సభ జరిపిన అయ్యంకి వెంకటరమణయ్య తరం వాళ్లకు పుస్తకం ఎంత ముఖ్యమో, అక్షరం రానివాడిని గ్రంథాలయం గడప ఎక్కించడమూ అంతే ముఖ్యం. రాత్రి బడులు, ఉపన్యాసాలు, హరికథలు, భజనలు గ్రంథాలయాల చుట్టూ నడిచాయి. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పెదపాలెం నుంచి పడవలో పుస్తకాలు పంపించారు. పుస్తకాన్ని పడవ ఎక్కించిన వాళ్ల వారసులం, హార్మోనియాన్ని బీరువాలోంచి దింపలేమా?

సంగీతం అరను తెరిచి చూద్దామని ఒక సాయంత్రం వెళ్లాను. డ్యూయీ దశాంశ పద్ధతిలో సంగీతానికి 780. ఆ అరలో పదకొండు పుస్తకాలున్నాయి, ఒకదాన్ని ఎలుకలు కొట్టాయి. కృతులకు స్వరం రాసిన పుస్తకం తీసి వెనక అట్టకు అంటించిన చీటీ చూస్తే, చివరి తేదీ ముద్ర 1994. ఆ పుస్తకం వాడుక లేక ఆగిపోయిందా, వాడే వీలు లేక ఆగిపోయిందా? రెండోదే అనుకుంటాను. స్వరం రాసిన పుస్తకం నవలలాగా ఇంటికి తీసుకెళ్లి చదువుకునేది కాదు. పక్కన శ్రుతి కావాలి, పాడి చూపే ఒక మనిషి కావాలి. కర్ణాటక సంగీతానికి పెన్నిధి లాంటి సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’, తమిళ దేశంలోని ఎట్టయపురంలో 1904లో అచ్చయిన పుస్తకం, తెలుగు లిపిలో ఉంది. గమకాలకు, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరులకు, ఒక్కొక్క దానికి ఒక్కొక్క గుర్తు పెట్టి మరీ అచ్చువేశారు. అంత జాగ్రత్తగా అచ్చుకెక్కిన విద్యను చదవగల అక్షరాలు మా పిల్లలకు వచ్చు. ఆ అక్షరాన్ని స్వరంగా పలికించుకునే చోటే వాళ్లకు లేదు.

ఆ చోటు గ్రంథాలయమే ఇవ్వాలని, పుస్తకాల్లాగే వాయిద్యాలనూ అప్పివ్వాలని నేను ఎత్తినప్పుడు వచ్చిన మొదటి అభ్యంతరం బలమైనదే. మా గ్రంథాలయం హాలు ఇప్పుడు పోటీ పరీక్షల కుర్రాళ్లతో నిండి ఉంటుంది. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్. ఇంట్లో ఒక్కటే గది, పక్కన టీవీ, చదువుకోవడానికి ఫ్యాను కింద నిశ్శబ్దంగా దొరికే కుర్చీ అక్కడే. వాళ్ల నెత్తిన డప్పు వాయించమని నేను అననే అనను. అయితే ఆదివారం పదకొండు గంటలకు తాళం వేసి నాలుగింటి దాకా ఆ భవనాన్ని ఖాళీగా ఉంచుతారు. పిల్లలకు బడి లేని రోజు, చదువుకునే వాళ్లు భోజనానికి వెళ్లే వేళ. ఆ అయిదు గంటల్లో రెండు చాలు. నిశ్శబ్దానికీ సంగీతానికీ తగవు తీర్చడానికి గడియారం సరిపోతుంది.

రెండో అభ్యంతరం గ్రంథపాలకుడిది. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. రిజిస్టరులో ఎక్కిన వస్తువు పోతే ఆడిట్‌లో జవాబు చెప్పవలసినవాడు ఆయనే, జీతంలోంచి రికవరీ అన్న భయం ఆయనకు ఎప్పుడూ ఉంటుంది. బీరువాలకు తాళాలు పడింది పిసినారితనంతో కాదు. కానీ పుస్తకాలు మాత్రం చిరగవా? చిరుగుతాయని తెలిసే అప్పిస్తున్నాం, చిరిగినవాటిని రద్దు చేసే పద్ధతీ పెట్టుకున్నాం. కంజీరలకూ తాళాలకూ హార్మోనియానికీ అదే పద్ధతి పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. ఒక డిజిటల్ బోర్డు ఖరీదు పెడితే మా పట్టణానికి సరిపడా వాయిద్యాలు వస్తాయి.

యూట్యూబులో అన్నీ ఉన్నాయి కదా అనేది మూడో మాట. ఉన్నాయి, నేనూ వింటాను. ఫోను పాడి వినిపిస్తుంది గాని, మనం పాడింది వినదు. మా పిల్లల ‘జయహే’ ఎందుకు పగిలిందో ఏ వీడియో చెప్పలేదు, ఆ గుంపులో నిలబడి విన్న చెవే చెప్పింది.

పోయిన వేసవిలో, గ్రంథాలయంలో జరిగే సెలవుల శిబిరం ముగిశాక, ఆదివారం పదకొండు గంటల ఏర్పాటు మొదలైంది. గ్రంథపాలకుడు స్వచ్ఛందంగా ఒప్పుకున్నారు, ఇంకా పై నుంచి కాగితమేమీ లేదు. మొదటి వారం పద్నాలుగు మంది పిల్లలు వచ్చారు, మూడో వారం తొమ్మిది మంది. డోలు కుర్రాడు రెండో వారం వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు, నాలుగో వారం లోపలికి వచ్చాడు. అయిదో వారం వాళ్ల నాన్నను వెంటబెట్టుకొచ్చాడు. ఆయన పాత భజన హార్మోనియాన్ని బీరువాలోంచి దింపించి, తిత్తి ఊది, మూగబోయిన రెండు రీడ్లను బ్లేడుతో నెమ్మదిగా గీకి పలికించాడు. ఒకప్పుడు గమకం పలకదని రేడియోవాళ్లు వెలివేసిన వాయిద్యం ఇది. 1940లో వేసిన ఆ నిషేధం మూడు దశాబ్దాలు నడిచింది. మా పిల్లలకు ఆ శంకలేమీ లేవు, మెట్టు నొక్కితే పలుకుతుంది, అది చాలు వాళ్లకు.

ఇన్నేళ్లూ బీరువాలో ఉన్నా అది ఏ లెక్కలోనూ లేదు. పిల్లలకు ఇంటికి అప్పివ్వాలంటే ముందు నంబరు పడాలని గ్రంథపాలకుడు పట్టుబట్టారు. మోటారు సైకిలు వేసుకుని వెళ్లి భజన సంఘం పెద్దాయన చేత దానపత్రం రాయించుకొచ్చారు. పుస్తకాల ప్రవేశ రిజిస్టరు తీసి, గళ్లు చూస్తూ కాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నారు. రచయిత పేరు దగ్గర అడ్డగీత గీశారు. ప్రచురణ స్థలం దగ్గర, వాయిద్యం మీద ఇత్తడి రేకు చూసి, కలకత్తా అని రాశారు. వెల దగ్గర ‘దానం’. పుటల సంఖ్య గడి దగ్గర నా వైపు చూశారు. మెట్లు లెక్కపెట్టి, ముప్పైతొమ్మిది అన్నాను.